సున్నం కింద ఎనిమిది మంది

కాగితం ఇందు చేతిలో ఉంది, దాని మీద పడాల్సిన సంతకం ఇంకా పడలేదు. పోయిన భాగంలో మనం కథను అక్కడ వదిలాం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కూల్చివేతకు రాసిపెట్టిన ఒక పాత క్వార్టర్‌లో, సున్నం పొరల కింద, వరసగా ఎనిమిది మంది ఆడపిల్లల బొమ్మలు బయటపడ్డాయి. ఎనిమిదీ వెనక నుంచి చూసి గీసినవే, ఒక్కదానికీ మొహం లేదు. రైల్వే రికార్డులో ఆ క్వార్టర్ అప్పలకొండ పేరున ఉంది. అతను రైలు పెట్టెల మీద పేర్లూ నంబర్లూ రాసిన పెయింటరు, పోయి చాలాకాలమైంది. చచ్చిపోయిన కూతుర్ని తలుచుకుని ఈ బొమ్మలు అతనే గీశాడని ఇందు రాసింది. రాసింది అచ్చుకు కూడా వెళ్ళిపోయింది. రేపు పొద్దున పది గంటలకు కోల్‌కతా నుంచి మనుషులొచ్చి ఆ గోడను పలకలుగా కోసి పెట్టెల్లో సర్దుతారు. అది ఓడ ఎక్కాలంటే అప్పలకొండ భార్య సింహాచలమ్మ సంతకం కావాలి.

ఇందు చేసే ఉద్యోగాన్ని క్యూరేటర్ అంటారు. తను బొమ్మలు గీయదు. ఎవరో గీసినవి ఎక్కడున్నాయో వెతికి పట్టుకుని, ఒక చోట చేర్చి, వాటి గురించి నాలుగు మాటలు రాసి, జనం వచ్చి చూసేలా పెట్టిస్తుంది. రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసిన వాళ్ళ నాన్న వెంకటరావు ఇదంతా ఓపిగ్గా విని, "అంటే ఫోర్‌మన్ పనన్నమాట" అని తేల్చేశాడు. ఆయన మరీ అంత తప్పేమీ చెప్పలేదు.

ఆరేళ్ళ కిందట, ఉత్తర సముద్రం ఒడ్డున ఒక రేవుపట్నంలో, అక్కడి మ్యూజియంవాళ్ళు నడిపే పది నెలల పరిశోధనకు ఇందు ఎంపికైంది. తొమ్మిది దేశాల నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఒకే పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని వాదించుకున్నారు, ఒకే వంటింట్లో గిన్నెలు కడుక్కున్నారు. ఆ బల్ల దగ్గర ఇందు ఎప్పుడూ గోడకు ఆనుకున్న కుర్చీ కోసమే ముందుగా వచ్చేది. కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం ఆమెకు చేతకాదు. వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు మెడ మీద చల్లగా ఉంటుంది. అది చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఎందుకో ఆమెకూ తెలియదు. మిగతావాళ్ళు నవ్వి ఆ కుర్చీని ఆమెకే వదిలేశారు.

ఆ తొమ్మిది మంది ఫోన్‌లో పెట్టుకున్న గ్రూపు ఇంకా బతికే ఉంది. అందులో ఒకామె సియోల్‌లో మ్యూజియం విభాగానికి పెద్ద అయింది. లాగోస్ కుర్రాడు రెండేళ్ళకోసారి ఊరంతా బొమ్మల పండగ చేస్తాడు. పోర్చుగల్ అతను అన్నీ మానేసి రొట్టెల కొట్టు పెట్టుకున్నాడు, అందరికంటే అతనే సుఖంగా ఉన్నాడని ఇందుకు అనుమానం. ఇందు మాత్రం ఢిల్లీలో రెండేళ్ళ కాంట్రాక్టు, కొచ్చిలో నాలుగు నెలల పని, అక్కడా ఇక్కడా ఉపన్యాసాలు ముగించుకుని, నాలుగు రోజులుండి పోదామని ఖరగ్‌పూర్ వచ్చింది. ఆ నాలుగు రోజులూ పధ్నాలుగు నెలలయ్యాయి. ఏటా ఆ మ్యూజియం నుంచి అందరికీ ఒకే ఉత్తరం వస్తుంది, ఇప్పుడు మీరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని. దానికి బదులు రాయలేక ఇందు రెండేళ్ళు చాలా సిగ్గుపడింది. ఇప్పుడు ఆ మ్యూజియంవాళ్ళే పిలిచారు. ఈ గోడతో ప్రదర్శన తెరుచుకుంటే పర్మనెంటు ఉద్యోగం. గోడ రాకపోతే ఆ కుర్చీ మరొకరిది. ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఇలాంటి పిలుపు మళ్ళీ రాదని ఇందుకు బాగా తెలుసు.

అందుకే ఆ మధ్యాహ్నం, అన్నం కూడా సరిగా తినకుండా, సైకిలెక్కి న్యూ సెటిల్‌మెంట్‌లో సింహాచలమ్మ ఇంటికి రెండోసారి వచ్చింది.

సింహాచలమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. గుమ్మంలో చేట ముందు పెట్టుకుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. ఇందు ఇచ్చిన కాగితం మోకాలి కింద అణిచిపెట్టుకుంది, గాలికి ఎగరకుండా.

"సంతకం ఎక్కడెట్టాలో సూపించినావు, బాగుంది. మొదటి ముక్క మల్లీ ఓపాలి సదువు."

"ఈ బొమ్మలు నా భర్త అప్పలకొండ గీసినవి, అని ఉంది మామ్మా. వాటిని తీసుకెళ్ళడానికి నాకు ఇష్టమే, అని తరవాతి ముక్క."

"రెండో దాని గురించి కాదు. నాకు మొదటిదాని కాడే అడ్డు పడతన్నాది." సింహాచలమ్మ ఒక చేప తల తీసి పక్కన పడేసింది. "మా ఆయన అచ్చరాలు రాసేవోడమ్మా. ఇంగ్లీసు, ఇందీ, బెంగాలీ, అన్నీ రాసేవోడు, గుండ్రంగా ముత్తేల్లాగ. అందులో ఒక్కటీ సదవడం రాదు. బొమ్మలంటావా? ఓపాలి మా పెద్దోడి పుస్తకంలో కాకినెయ్యమంటే ఏసినాడు. ఆడు దాన్ని అట్టుకుని బడికెల్లి తన్నులు తినొచ్చినాడు."

ఇందు నవ్వాలనుకుంది, నవ్వు రాలేదు.

"మరి, పోయిన మీ అమ్మాయి..."

"నాకు అమ్మాయెక్కడిది? ఇద్దరూ మగోల్లే. ఒకడు టాటానగర్లో, ఒకడు బిలాయ్‌లో. ఎవుల్నడిగి రాసినావలగ?"

ఎవర్నీ అడగలేదు. బొమ్మల్లో పిల్ల ఏడాదికింత ఎత్తు పెరుగుతూ వచ్చి, ఎనిమిదోదాని దగ్గర ఆగిపోయింది. పిల్ల పోయుంటుందని ఇందుకు తోచింది. 'బహుశా' అని రాసింది కూడాను. పుస్తకం దిద్దినాయన ఆ 'బహుశా'ను కొట్టేసి, ఇలాంటివి పాఠకుడి గుండెకు అడ్డం అన్నాడు. ఇందు సరేనంది. ఆ ఒక్క మాట కోసం దెబ్బలాడి ఉండాల్సిందని ఇప్పుడు అనిపించి ఏం లాభం?

"రికార్డులో చూశాను మామ్మా. తొంభై రెండు నుంచి రెండువేల ఒకటి దాకా ఆ క్వార్టర్ ఆయన పేరు మీదే ఉంది."

సింహాచలమ్మ చేతిలో పని ఆపి, ఇందుని ఎగాదిగా చూసింది.

"నువ్వు సెటిల్‌మెంట్లో పుట్టిన పిల్లవేనా? కాయితం మీద పేరున్నోడు ఆ కోర్టర్లో ఉంటాడని నీకెవులు సెప్పినారే?"

ఇందు మొహం వేడెక్కింది. ఆ మాట ఇంకెవరినైనా అడిగితే పడొచ్చు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన మనిషిని అడిగితే ఏం చెప్పుకుంటుంది? ఒకరి పేరున క్వార్టర్, అందులో కాపురం మరొకరిది, వెనక వరండాలో ఇంకొకరి పొయ్యి. ఇన్‌స్పెక్షన్ వస్తోందని కబురు తెలిస్తే చాలు, గిన్నెలూ పరుపులూ పక్కింటికి చేరేవి, సాయంత్రం తిరిగొచ్చేవి. చిన్నప్పుడు ఇందు కూడా ఎవరివో చెంబులు మోసింది. ఇవన్నీ ఆమెకు అన్నం తినడమంత తెలిసిన సంగతులు. కానీ ఆ రేవుపట్నంలో పది నెలలూ ముందు రికార్డు, తరవాతే చెప్పుడు మాట అని నేర్పించారు. నేర్చుకున్నది మహా బాగా నేర్చుకుంది. ఉత్తరధ్రువం దగ్గర నుంచి వచ్చినవాళ్ళెవరైనా చేస్తే సరే అనుకునే పొరపాటు, ఇంటిపిల్ల చేసి కూర్చుంది.

"మరి ఎవరుండేవాళ్ళు?" అంది చివరికి.

"మేం మా అత్తోరింట్లో ఇక్కడే ఉండేవోల్లం. అక్కడ ఒక ఆడమనిసి ఉండేది. ఒక్కర్తే." సింహాచలమ్మ గొంతు కొంచెం తగ్గింది. "పగలు గడప దాటేది కాదు, ఆల్లింటోల్లు పెట్టిన కట్టడి అది. గోల్‌బజార్ బట్టల కొట్టు నుంచి సీరలు నాను తెచ్చి ఇస్తే ఫాల్సులు కుట్టేది. ఆ వీది వైపు కిటికీ ఒక్కటే ఆయమ్మకి లోకం. మా ఆయన డబ్బా అడుగున మిగిలిన రంగు ఇచ్చేవోడు, ఎర్రది, తెల్లది. పొయ్యిలో బొగ్గు ఎలాగా ఉన్నాది."

"తనే గీసేదా?"

"ఏడాదికి ఒక బొమ్మ. మల్లీ దుర్గా పూజో వచ్చే ముందు తనే సున్నం కొట్టీసేది. కోర్టర్ సూడ్డానికి ఆపీసోల్లు వచ్చి, ఈ బొమ్మలేటి, ఇక్కడెవులుంటన్నారని అడిగితే మా ఆయన ఉద్యోగం పోదేటి? సున్నం తెచ్చి ఇచ్చిందాన్ని నానే. ఏడస్తా కొట్టేది. ఒక్క మాటనేది కాదు. మల్లీ ఏడు దాని పక్కన ఇంకోటి మొదలెట్టేది."

"ఎవర్ని గీసేది మామ్మా?"

"కిటికీలోంచి ఎవులు కనబడితే ఆల్లనే గీస్తారు. బడికెల్లే పిల్ల. ఇంటికాణ్నించి వచ్చి కిటికీ దాటి బడి వైపు ఎల్లిపోతాది గదా, వీపే కనబడతాది. వచ్చేటప్పుడు మరో తోవన రిక్షాలో వచ్చేది, అది ఈ వీదిన రాదు."

వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఆమె పేరేమిటి?"

"సెప్పకూడదని మాటిచ్చినాను. మా ఆయనా ఇచ్చినాడు, ఆ మాట మీదే పోయినాడు. నోటితో నాను సెప్పను."

"బతికుందా? అదైనా చెప్పు."

సింహాచలమ్మ మోకాలి కింది కాగితం తీసి, నెత్తళ్ళ పొలుసు దులిపి, సంతకం లేకుండానే ఇందు చేతిలో పెట్టింది.

"పొద్దున్న నీకు టీ ఎవులిచ్చినారే, పిల్లా?"

*

సైకిలు తొక్కుతోందన్న మాటే గాని, ఏ వీధిలో ఉందో ఇందుకు తెలియలేదు. పొద్దున టీ ఇచ్చింది సత్యవాణి అత్త. రోజూ ఇచ్చేది ఆమే. నాన్న చెల్లెలు. పెళ్ళి కాలేదు. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పని చేసేదని, ఇందు చిన్నప్పుడు ఎప్పుడడిగినా నాన్న చెప్పేవాడు. అమ్మ కామెర్లతో పోయిన ఏడు, ఇందుకు పదకొండేళ్ళు నిండి పన్నెండు నడుస్తుండగా, ఒక సాయంత్రం చిన్న రేకుపెట్టెతో ఇంటికొచ్చింది. పాలిపోయి, ఎండే ఎరగనట్టు ఉండేది మనిషి. వేళ్ళ చివర్లు పగిలి తెల్లగా ఉండేవి. జీడి రసం తగిలిందని చెప్పింది. జీడి తగిలితే చర్మం నల్లబడుతుంది గాని తెల్లబడదని ఆ వయసులో ఇందుకేం తెలుసు?

ఎనిమిదో పిల్ల పదకొండేళ్ళది. ఆ తరవాత బొమ్మ లేదు.

ఇంటి ముందు సైకిలు పడేసి లోపలికొచ్చింది. వెంకటరావు పడక్కుర్చీలో పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. వంటిల్లు కడిగి ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఇదే గదిలో ఇందు తన పుస్తకంలోని మాటల్ని తెలుగులో నాన్నకూ అత్తకూ చదివి వినిపించింది. గోడ ఓడెక్కి పోతుందని, ఏడాదికి లక్షమంది వచ్చి చూసే చోట నిలబెడతారని సంబరంగా చెప్పింది. నాన్న పేపరు మడత పెట్టి, ఏమీ అనకుండా లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అత్త మాత్రం "అంతమంది సూస్తారా?" అని అడిగింది. గర్వంతో అడిగిందనుకుంది ఇందు.

పెరట్లోకి వెళ్ళి చూసింది. పూజో ఇంకా పన్నెండు రోజులుంది. ఇంటికి వెల్ల వేయాలని అత్త మొన్ననే సున్నం నానబోసింది. బకెట్టు లేదు. కుంచె లేదు. మెట్టు మీద నుంచి గేటు దాకా తెల్లటి చుక్కలు పడి, అప్పుడే ఆరుతున్నాయి.

ఇందు నాన్నను లేపలేదు. ఎందుకు లేపలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది.

ఆ క్వార్టరున్న వీధి ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. చిన్నప్పుడు పిల్లలంతా దాన్ని దెయ్యం క్వార్టర్ అనేవాళ్ళు. కిటికీ రెక్క దానంతటదే తెరుచుకుంటుందని, లోపల తెల్లటి చెయ్యి కనబడుతుందని రెండో తరగతి పిల్లలే చెప్పారు. అప్పటి నుంచి ఇందు ఆ కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి పరిగెత్తేది. పరిగెడితే ఎడమ కాలి మేజోడు జారి చీలమండ మీద పడేది. అమ్మ రోజూ తిట్టేది, రబ్బరు కట్టేది, అయినా జారేది.

గోడ మీద ఎనిమిది మంది పిల్లలకూ ఎడమ మేజోడు జారే ఉంది. నీలం గౌను, ఎర్ర రిబ్బను, జారిన మేజోడు. ఆ మేజోడును 'చిత్రకారుడి సంతకం లాంటి గుర్తు' అని ఇందు ఒక పేరా అంతా రాసింది. నాలుగో బొమ్మ నుంచి పిల్ల పరుగెడుతూ ఉంటే, 'స్వేచ్ఛ వైపు పరుగు' అని ఇంకో పేరా రాసింది. పధ్నాలుగు నెలలు ఆ పిల్లల ముందు నిలబడి, భూతద్దం పెట్టి చూసి, తనను తాను పోల్చుకోలేకపోయింది. అవును మరి, తన వీపు ఎలా ఉంటుందో మనిషికి ఎలా తెలుస్తుంది?

*

తలుపుకు వేసిన తాళం తీసి ఉంది. తాళంచెవి ఇందు బల్ల మీద ఉండాల్సింది.

లోపల సున్నం వాసన. పైకప్పు కన్నంలోంచి ఎండ పడుతోంది. సత్యవాణి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గోడ ముందు నిలబడి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, తొందరేమీ లేకుండా, పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి కుంచె లాగుతోంది. కుడి చివరి నలుగురు పిల్లలూ అప్పటికే లేరు. నాలుగో పిల్లకు నడుం దాకా తడి సున్నం పడింది. కింద పరుగెడుతున్న కాళ్ళు మాత్రం ఉన్నాయి.

ఇందు వెళ్ళి కుంచె కాడ పట్టుకుంది. అత్త విడిపించుకోలేదు, వదలనూ లేదు.

"సున్నం పడతాది నీ బట్టల మీద."

"అత్తా, ఏం చేస్తున్నావు?"

"ఏటా సేసిందే. కొత్తేటి కాదు."

"ఇవి నీవని నాతో ఒక్క మాట అనలేదే. పధ్నాలుగు నెలలు. ప్రతి పూటా ఇంటికొచ్చి వీటి గురించే మాట్లాడాను నీ ముందు."

"నువ్వు నన్ను అడగలేదు గదా. అప్పలకొండన్నావు. బాగానే ఉన్నాదనుకున్నాను. ఆయన మంచోడు." సత్యవాణి నాలుగో పిల్ల కాళ్ళ వైపు చూసింది. "నిన్న నువ్వు సదివినావు సూడు, ఈ పిల్ల స్వేచ్ఛ కోసం పరిగెడతన్నాదని. అది వినీసరికి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పరిగెడతన్నాదో నీకు తెల్దేటి?"

ఇందుకు తెలుసు.

"దెయ్యమని."

"ఊఁ. నాలుగో ఏడు నుంచి నన్ను సూసి పరిగెత్తేదానివి. మొదటి మూడేల్లూ నెమ్మదిగా నడిసేదానివి, రాల్లు తన్నుకుంటా. నిన్ను బాగా సూద్దామని రెక్క ఇంకాస్త తీసినాను. దాంతో బెదిరిపోయినావు. తరవాత రెక్క మూసీసి సందులోంచి సూసినాను. అయినా పరిగెత్తేదానివి." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తోంది. "అందుకే కడాకరి అయిదూ అలగొచ్చినాయి. పరిగెత్తే పిల్లని గియ్యడం శానా కష్టం. కిటికీ ఇంతే. నువ్వు దాటడానికి నాలుగు అంగలే పట్టేది."

ఇందు గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. చెయ్యి తడిసింది. ఇన్నేళ్ళూ మెడ మీద చల్లగా తగిలింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఏ దేశం వెళ్ళినా, ఏ బల్ల దగ్గర కూర్చున్నా, వెనక నుంచి చూసిన ఆ కళ్ళు దెయ్యానివి కావు.

"రేపు పదింటికి మనుషులొస్తారు అత్తా. నా ఉద్యోగం..."

"తెలుసు. నీ ఉద్యోగం పోవాలని కాదు. ఉన్నాయిగా ఇంకా, నెమ్మదిగా నడిసిన మొదటి మూడూ. అయ్యి తీసుకుపో. కానీ నువ్వు నన్ను సూసి బయపడి పరిగెత్తినావని లచ్చమంది ముందు నిలబెట్టొద్దు. నానది సూడలేను."

"ఇవి నువ్వు గీశావని చెప్తాను. నీ పేరు పెడతాను. పుస్తకం ఆపి మళ్ళీ రాస్తాను."

"నా పేరు పెడితే, ఆ పిల్లెవరని అడగరేటి? నన్నెందుకు ఆ గదిలో పెట్టినారని అడగరేటి? మీ నాన్నకి ఏటని సెప్తావు?"

అప్పుడు ఇందుకు కోపమొచ్చింది. అత్త మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం.

"అసలు నువ్విక్కడ ఎందుకున్నావు? పలాసలో ఉన్నావన్నారు. పది నిమిషాల నడక మన ఇల్లు. నాన్నకు సొంత చెల్లెలివి, నాకు అత్తవి. వచ్చి నన్ను ఎత్తుకుంటే ఎవరొద్దంటారు? కిటికీ సందులోంచి చూడ్డమేమిటి?"

సత్యవాణి కుంచెను ఇందు చేతికే వదిలేసి, బొమ్మల వరస కుడి చివర దాకా నడిచింది. ఎనిమిదో పిల్ల ఉన్న చోటుకూ తలుపుకూ మధ్య మనిషి పట్టేంత గోడ ఖాళీగా ఉంది. దాని గురించీ ఇందు రాసింది, దుఃఖం మిగిల్చిన ఖాళీ అని.

"ఇలగ రా. ఇక్కడ నిలబడు. అటు తిరుగు, గోడేపు."

ఇందు వెళ్ళింది. కుంచె దారిలో బకెట్లో పడేసింది. గోడకు మొహం పెట్టి, కిటికీకి వీపు పెట్టి నిలబడింది. ముప్ఫై ఆరేళ్ళలో ఎన్నడూ తనంతట తను అలా నిలబడలేదు.

"తొమ్మిదో ఏడు గియ్యలేదు నాను. మీ అమ్మ పోయినాది, మీ నాన్న వచ్చి, ఇక ఇంటికి రా, పిల్లని సూసుకో అన్నాడు. ఒట్టేయించుకున్నాడు, నోరెత్తకూడదని. ఎత్తలేదు." వెనక నుంచి తడి వేళ్ళు ఇందు తల మీద, పాపిడి దగ్గర, ఎత్తు కొలిచినట్టు ఆనాయి. అక్కడి నుంచి గోడ మీదికి జరిగి సున్నంతో చిన్న గీత గీశాయి. "ఇంత అయిపోయినావు."

ఇందు కదల్లేదు.

"అడిగినావు గదా, అత్తవై ఉండి ఎందుకు రాలేదని." సత్యవాణి వేళ్ళు ఇందు జుట్టు మీదే ఉన్నాయి. "అత్తనైతే వచ్చేదాన్నే."

జేబులో ఫోను కొట్టుకుంది, ఆగింది, మళ్ళీ కొట్టుకుంది. మ్యూజియంవాళ్ళే. గోడ పక్కన పెట్టే పలక ఈ సాయంత్రమే చెక్కిస్తున్నారు, చిత్రకారుడి పేరు చివరిసారిగా సరిచూసి పంపమని పొద్దుటి నుంచీ అడుగుతున్నారు. ఇందు ఫోను తీయలేదు. నోట్లో ఒక మాట కదిలింది. ఆ మాటతో ఆమె ఇదివరకు పిలిచిన మనిషి కామెర్లతో పోయింది. ఇంకొకరిని అలా పిలవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తల మీది చెయ్యి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే అక్కడ నిలబడి ఉన్నది అత్త కాదు. ఇందు గోడ మీది తడి గీత వైపే చూస్తూ ఉండిపోయింది. వెనక, బకెట్లో కుంచె మళ్ళీ మునిగిన చప్పుడయింది.